మనీ ప్లాంట్‌కు ఊతం: ఒళ్లు అలవకుండా తీగను పెంచే చిట్కాలు

మనీ ప్లాంట్ తెచ్చుకున్నారా? సంతోషం. ఇక కర్ర పాతమని, పురికొసతో కట్టమని, రోజూ తడపమని చెప్పేవాళ్లు చుట్టూ చేరతారు. వాళ్ల మాట వింటే ఆదివారం మధ్యాహ్నపు కునుకు పోయినట్టే. మొక్క మన ఇంట్లో ఉండాలి, దాని చాకిరీ మాత్రం మన నెత్తిన పడకూడదు. అందుకు దారి ఉంది. వరసగా చెప్తాను, చెప్పినట్టు చెయ్యండి.

1. నాటిన రోజే కర్ర పాతకండి. ఆ రోజు కుండీ నిండా ఖాళీయే, కర్ర ఇట్టే దిగుతుంది. అంత సులువైన పనికి తొందరేముంది? తీగ నేల మీదికి పాకి, వచ్చేపోయేవాళ్ల కాళ్లకు తగిలేదాకా ఆగండి. అప్పుడు కుండీకి నట్టనడుమ, ఒక్క పోటున దించండి. లోపల పటపటమని చప్పుడొస్తే వేర్లు దారి ఇస్తున్నాయన్నమాట. ఆపకండి.

2. కర్ర నున్నగా ఉండాలి. పాత మాపు కర్ర, ప్లాస్టిక్ పైపు ముక్క, ఊడిపోయిన కర్టెన్ రాడ్, ఏదైనా సరే. కొబ్బరి పీచు చుట్టిన మాస్ స్టిక్ మాత్రం కొనకండి. ఎవరైనా బహుమతిగా ఇస్తే పాతండి గానీ, దాని మీద చుక్క నీరు పడనివ్వకండి. మనీ ప్లాంట్ కణుపు కణుపుకీ గాలి వేర్లు వేస్తుంది. పీచు తడిగా ఉంటే అవి అందులోకి దిగి గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకున్న తీగ ఎక్కుతుంది. ఎక్కితే కర్ర చాలదు, దాని మీద ఇంకో కర్ర కట్టాలి. ఎండు పీచుతో ఈ గొడవే లేదు.

3. తీగను కిందికే వేలాడనివ్వండి. ఈ మొక్క సొంత ఊరు పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మోరియా ద్వీపం. అడవిలో చెట్టు దొరికితే అరవై అడుగులు ఎగబాకుతుంది. ఎక్కేకొద్దీ ఆకు పెరిగి పెరిగి మూర పొడవు దాటిపోతుంది, అంచులు చీలుతాయి. మన హాల్లో అలాంటి ఆకు దేనికి? అంత ఆకు మీద పడే దుమ్మంతా ఎవరు తుడుస్తారు? వేలాడే తీగకు కొత్త ఆకు పాతదానికన్నా చిన్నదిగా వస్తుంది. ఏడాది తిరిగేసరికి తమలపాకంత ఆకు చింతాకు వైపు నడుస్తుంది. తుడిచే పని దానంతటదే తగ్గిపోతుంది.

4. కుండీని చీకటి మూలకు జరపండి. వెలుతురు చాలని తీగకు కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది. తక్కువ ఆకులతో ఎక్కువ పొడవు! కొలిచి చూపించుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

5. కట్టడం తప్పదనుకుంటే బైండింగ్ వైరుతో ఒక్కసారే బిగించి కట్టండి. వదులుగా కడితే మళ్లీ మళ్లీ చూసుకోవాలి. కాండం లావయ్యేకొద్దీ వైరు లోపలికి దిగుతుంది, ఇక జారమన్నా జారదు. కాండం చేతికి అందకపోతే ఆకు తొడిమనే కట్టేయండి, దగ్గరగా ఉంటుంది.

మాన్‌స్టెరా ఉన్నవాళ్లకు ఇంకో మాట. దానికి ముందూ వెనకా ఉంటాయి. వెలుతురు వైపు ఆకులు, వెనక వైపు వేర్లు. ఆకుల వైపే కర్రకు ఆనించి కట్టండి. వేర్లు హాల్లోకి చాచుకుని వచ్చినవాళ్లకు బాగా కనబడతాయి.

6. అద్దె ఇంట్లో ఉంటే మీ అంత అదృష్టవంతులు లేరు. గోడ ఓనరుది. క్యాలెండర్ మేకు, దేవుడి పటం మేకు, ఇన్వర్టర్ వైరు, కేబుల్ టీవీ తీగ, ఏది దొరికితే దానికి అల్లించండి. మేకు లేనిచోట సెల్లో టేపు అతికించండి. వానాకాలం చెమ్మకు వేర్లు రంగుకు కరుచుకుంటాయి. ఖాళీ చేసేటప్పుడు ఒక్క లాగు లాగితే తీగతో పాటు రంగు పెచ్చులుగా ఊడి వస్తుంది. ఓనరు నోరు తెరవకముందే మీరు అందుకోండి: “గోడకు చెమ్మొచ్చిందండీ, ఎన్నాళ్లనుంచో మీతో చెప్పాలనే అనుకుంటున్నాం.” అడ్వాన్సులో పెయింటింగ్‌కని ఎలాగూ కోస్తారు. కోసినదానికి తగ్గ పని గోడకు ఉంది కదా అని మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

7. పొడుగాటి కర్రకు చిన్న ప్లాస్టిక్ కుండీ చాలు. బరువు కుండీ అయితే ఊడ్చేటప్పుడు జరపడం కష్టం. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టండి. ఫ్యాను అయిదు మీద తిరిగిన రోజున అదే కిందికి దిగుతుంది, మట్టి మార్చే పని కూడా అప్పుడే పూర్తవుతుంది. ఊడ్చే వంతు ఎవరిదని ఇంట్లో అడిగితే, ఆఖరున నీళ్లు పోసినవాళ్లదని చెప్పండి. ఆ మాట నిలబడాలంటే మీరు ఎప్పుడూ నీళ్లు పోసి ఉండకూడదు.

8. జవాబులు ముందే సిద్ధం చేసుకోండి. ఆడపడుచు వచ్చి “ఇదేంటి వదినా, ఇంత పీలగా ఉంది?” అంటే, “డబ్బులిచ్చి కొన్నాం కదమ్మా, ఎవరింట్లోంచైనా ఎత్తుకొచ్చి ఉంటే ఈపాటికి అల్లుకుపోయేది” అనాలి. ఈ మాటకు తెలుగిళ్లలో తిరుగులేదు. నర్సరీ అతను నిలదీస్తే, “కడియంలో గోదావరి గాలి తిన్న మొక్క, మా మూడో అంతస్తు గాలి పడలేదు” అనండి. వాస్తు తెలిసిన బంధువు దొరికితే ఆగ్నేయంలో పెట్టామని ఒక్క ముక్క చెప్పి ఊరుకోండి. మిగతాది ఆయనే మాట్లాడతాడు.

9. కొన్నాళ్లకు తీగ మొదలంతా బోడి అయి, కొసన రెండు మూడాకులు మిగులుతాయి. ఇక్కడిదాకా వచ్చారంటే అన్నీ సరిగ్గా చేశారన్నమాట. కొసలు కత్తిరించి, కణుపులతో మళ్లీ నాటి గుబురు చేయమని ఎవరో ఒకరు చెప్తారు. వినొద్దు. కుండీని రాత్రిపూట అపార్ట్‌మెంట్ మెట్ల మలుపులో పెట్టి, “దయచేసి నీళ్లు పోయండి” అని చీటీ అంటించండి. ఎండిపోతే తప్పు అందరిదీ.

10. కొత్త మొక్క కావాలా? పక్కింటివాళ్ల తీగ నుంచి ఒక్క ఆకు, తొడిమ దాకా మాత్రమే తుంచండి. కణుపు ముక్క రాకుండా చూసుకోండి, అసలు కిటుకు అదే. ఖాళీ హార్లిక్స్ సీసాలో నీళ్లు పోసి అందులో పెట్టండి. కణుపు లేని ఆకు నెలల తరబడి పచ్చగా ఉంటుంది, అడుగున వేర్లు కూడా వేస్తుంది. చిగురు మాత్రం పెట్టదు, తీగ సాగదు. ఇక కర్ర అక్కర్లేదు, పురికొస అక్కర్లేదు.