సారు క్యాంపు.. ఊరి క్యాంపు

‘క్యాంపు’ అంటే నిఘంటువులో నాలుగు రోజుల మకాం. వాడుకలో మాత్రం మనిషిని బట్టి మారుతుంది.

ఆఫీసులో: ‘సారు క్యాంపులో ఉన్నారు.’ అంటే ఫైలు కదలదు.

రాజకీయాల్లో: ఎమ్మెల్యేలకు రిసార్టు, ఏసీ గది, పూటపూటకూ బిర్యానీ. సెల్‌ఫోన్లు మాత్రం నాయకుడి సంచిలో.

ఛత్తీస్‌గఢ్‌ సుక్మా జిల్లా దోర్నపాల్‌లో: మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో సాగిన సల్వాజుడుం హోరులో ఊళ్లొదిలి రోడ్డు పక్కకు చేరిన ఆదివాసీల గుడిసెలు. సర్కారు పెట్టిన పేరు ‘సహాయ శిబిరం’.

2011లో సుప్రీంకోర్టు జుడుంను ఆపమంది. జుడుం ఆగింది, క్యాంపు ఆగలేదు.

2006లో ఆ గుడిసెల్లో కళ్లు తెరిచిన బిడ్డకు ఓటు వయసూ వచ్చేసింది. అయినా ఏర్పాటు ‘తాత్కాలికమే’.

సర్కారు వ్యాకరణంలో ‘తాత్కాలికం’ అవ్యయం. ఎన్నేళ్లయినా మారదు, పైసా ఖర్చూ కాదు!