మూడు వత్తుల దీపానికి టీకా తాత్పర్యం

మూలం
ఎకో 255 140 20 > మల్టీ_ఇంటెన్సిటీ
ఎకో 8 > బ్రైట్‌నెస్

అవతారిక
బెంగుళూరులో కొలువు చేసే మా మేనల్లుడు పండక్కి బేతంచెర్ల వచ్చి, మా బండల పాలిష్ ఫ్యాక్టరీ గోడకు ఒక బుల్లి లైనక్స్ కంప్యూటరును, దానికో రంగుల ఎల్‌ఈడీని తగిలించిపోయినాడు. సంపులో నీళ్లుంటే పసుపు, అడుగంటితే ఎరుపు. రంపం మీద నీళ్లు పడందే ఇక్కడ బండ తెగదు కాబట్టి దీపం పనికొచ్చేదే. కానీ రాత్రిపూట అది కాపలా పెద్దాయన కళ్లలో పొడుస్తా ఉంది. ఆ మాట చెబితే పై రెండు పాదాలు ఫోనులో పంపి, "కొట్టు మామా, తగ్గిపోతాది" అన్నాడు. ముప్పై ఏండ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, టీక లేని మూలాన్ని ముట్టుకుంటానా?

ప్రతిపదార్థం
ఎకో = పలుకుము; 255 140 20 = మూడు వత్తుల, అంటే దీపంలోని మూడు రంగుల, పాళ్లు; > = 'లోనికి' అనే విభక్తి (మనకు విభక్తి నామం వెనక వస్తుంది, వీళ్లకు ముందొచ్చింది, వింత వ్యాకరణం); మల్టీ_ఇంటెన్సిటీ = రంగుల కలయికను దాచే ఫైలు; 8 = ఎనిమిది; బ్రైట్‌నెస్ = మొత్తం వెలుగును దాచే ఫైలు. రూటు (సర్వాధికారి) అనుమతి మంగళాచరణం. అది లేకుంటే కావ్యం మొదలే కాదు.

అన్వయం
ఏ అంకె ఏ రంగుదో మూలంలో లేదు. దానికి మల్టీ_ఇండెక్స్ అనే మరో ఫైలు చదవాలి. మా గోడమీది దీపానికి అందులో 'రెడ్ గ్రీన్ బ్లూ' అని ఉంది. మరో బోర్డులో గ్రీన్ ముందుండి, బ్లూ, రెడ్ వెనక ఉండొచ్చు. అక్కడ ఇదే పద్యం చదివితే పసుపు పోయి సముద్రపు పచ్చ వెలుగుతుంది. అన్వయం తప్పితే అర్థం తప్పడమంటే ఇదే.

ఛందస్సు
మూడు వత్తులకు మూడంకెలు పడాల్సిందే. నేను తొందరలో రెండే కొట్టినాను. 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని మొహాన కొట్టింది. గణభంగానికి లాక్షణికుడు అప్పకవి కూడా ఇంత కరుకుగా మాట్లాడి ఉండడు.

శంక
రెండు పాదాలెందుకు? మూడంకెలనూ తగ్గిస్తే చాలదా?

సమాధానం
వెలుగు తగ్గొచ్చు, కానీ అది పద్ధతి కాదు. మా ఊరి బండనే చూడండి. పసుపో, బూడిదో, రంగు గనిలోనే వచ్చింది. మెరుపు మాత్రం పాలిష్ రాయి ఎన్నిసార్లు తిరిగిందన్న దాన్నిబట్టి వస్తుంది. మెరుపు తగ్గించాలని రంగు మార్చమని ఎవరూ అడగరు. ఈ ఏర్పాటు చేసినవాడికీ అదే తోచింది. అంతకుముందు లైనక్స్‌లో మూడు వత్తులూ మూడు వేరువేరు దీపాలే. వెలుగు తగ్గించాలంటే మూడుచోట్ల రాయాలి, ఆ నడుమ రంగు ఊసరవెల్లి అయ్యేది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసిన డాన్ మర్ఫీ వాటిని ఒక్క ప్రమిదలో పెట్టినాడు. 2020 అక్టోబరులో వచ్చిన, లైనక్స్ గుండె అయిన కెర్నెల్ 5.9వ కూర్పుతో అది అందరికీ అందింది.

లెక్క ఇది: ఒక్కో వత్తి పాలును బ్రైట్‌నెస్‌తో గుణించి, గరిష్ఠంతో, అంటే మా దీపానికి 255తో, భాగించాలి. ఎరుపుకు 8. ఆకుపచ్చకు నాలుగు చిల్లర, అంటే 4. నీలానికి 160ని 255తో భాగిస్తే ఒకటి కూడా రాదు.

పాఠాంతరం
ఇక్కడే రసమంతా ఉంది. కెర్నెల్ పాత పాఠంలో ఈ భాగహారపు భిన్నాన్ని కోసి పారేసేవాళ్లు. నీలానికి సున్నా, వత్తి ఆరిపోయినట్టే. 2023లో ఈ లెక్క పంక్తిని సవరించి, దగ్గరి పూర్ణాంకానికి సర్దమన్నారు. ఇప్పుడు నీలానికి 1 దక్కుతుంది. రెంటిలో కొత్త పాఠమే గ్రాహ్యమని నా తీర్పు. అయితే 20కి 255 ఎక్కడ, 1కి 8 ఎక్కడ? మసక వెలుగులో రంగు కొంచెం మారుతుంది. అది పరిష్కర్త దోషం కాదు, అంకెల పేదరికం.

మరో శంక: కరెంటు పోయి వచ్చాక రంగు మాత్రమే రాస్తే దీపం వెలగలేదేమి? అప్పటికి బ్రైట్‌నెస్ సున్నా ఉంది. సున్నాతో దేన్ని గుణించినా సున్నానే.

తాత్పర్యం
పసుపు పసుపుగానే ఉండి, వెలుగు మాత్రం పెద్దాయన కునుకు తీసేంతగా తగ్గుగాక.

విశేషం
ఈ ఫైళ్లు డిస్కు మీద ఉండవు. కెర్నెల్ తన తలలోంచి చూపేవే. కరెంటు పోయి వస్తే రాసిందంతా పోతుంది. నిన్న రాత్రి మూడుసార్లు పోయింది. మూడుసార్లూ లేచి నేనే రాసినాను.