డెవలప్‌మెంట్‌కిచ్చిన పిల్ల

మా అక్క బిడ్డకు ఇంగ్లండ్‌లో డిగ్రీ సీటొచ్చింది. సబ్జెక్టు ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్. ఈ ముక్క చౌటుప్పల్లో చుట్టాలకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి మాకు నెల రోజులు పట్టింది.

తప్పు పిల్లది కాదు, మాటది. డెవలప్‌మెంట్ అనే మాటకు మా ఊళ్లో ఇప్పటికే ముగ్గురు హక్కుదారులున్నారు. మొదటాయన ఎంపీడీవో. మా నాయినకు మాత్రం ఆయన ఇప్పటికీ బీడీవో సారే. 1952 అక్టోబర్ 2న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పేరుతో పల్లెల మీదికి బయల్దేరిన ఉద్యోగం అది. ఎన్టీఆర్ సమితులు తీసేసి మండలాలు పెట్టినాక ముందున్న అక్షరం మారింది, జీపు మారింది, ఆఫీసు బయట బెంచీ మీద ఎదురుచూసేటోళ్లు మాత్రం మారలేదు. రెండో ఆయన ఎల్ఐసీ డెవలప్‌మెంట్ ఆఫీసరు. ఈయన మన చావు గురించి అంత ప్రేమగా మాట్లాడతాడు గనుక పెండ్లిళ్లలో అందరూ ఆయనకు కొంచెం ఎడంగా కూర్చుంటారు. మూడో ఆయన బిల్డరు. ఈ రోజుల్లో అసలు హక్కుదారు ఈయనే. భూమి ఉన్నాయన, డబ్బు ఉన్నాయన కాగితం రాసుకుని సగం సగం పంచుకుంటే దాన్ని మా దగ్గర ‘డెవలప్‌మెంట్‌కిచ్చుడు’ అంటారు. ఫలానా ఊరు మస్తు డెవలప్ అయిందంటే అక్కడ బడి వచ్చిందనో దవాఖాన వచ్చిందనో కాదు, గజం ధర పెరిగిందని.

వెంచర్లలో తిరిగే మా తమ్ముడు ఈ మూడో అర్థంలోనే సంతోషపడ్డాడు.

“ఇంటర్నేషనల్ అంటే యాడనే? దుబాయ్‌లనా? ఎన్నెకరాలు?”

“ఎకరాలు కాదు మామా, దేశాలు.”

“దేశాల్ని డెవలప్‌మెంట్‌కు తీస్కుంటరా! మరి వాటా ఎట్ల? సగం సగమా?”

పిల్ల కాసేపు ఆలోచించి, “మాకు మొదటి సెమిస్టర్ల చెప్పేది గదే మామా” అంది. తెల్లోళ్లు రెండు వందల యాభై ఏండ్ల కింద మన దేశాన్ని ఏ ఒప్పందం మీద డెవలప్‌మెంట్‌కు తీసుకున్నారో, వాటా ఎంత తేలిందో సిలబస్‌లో ఉందట. మా తమ్ముడికి చదువు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఫీజు ఏడాదికి 20 వేల పౌండ్ల పైచిలుకు. అట్లాంటివి మూడేండ్లు. సర్కారు ఇచ్చే విదేశీ విద్యానిధి పీజీ వాళ్లకే గాని డిగ్రీ వాళ్లకు రాదు. కాబట్టి మా బావ ఊరి దగ్గరి చేనులో అరెకరం అమ్మాడు. రీజనల్ రింగు రోడ్డు చౌటుప్పల్ మీదుగా పోతుందని తెలిసినప్పటి నుంచి ఆ చెలకకు రేటు పలుకుతోంది. అదే రోడ్డు కింద భూములు పోయే రైతులు అలైన్‌మెంట్ మార్చమని ధర్నాకు కూర్చున్నారు. పిల్లకు రెండో ఏడాది ‘నిర్వాసితులు, పునరావాసం’ అని ఒక పేపరుందట. నిర్వాసితుల రోడ్డు పుణ్యమా అని నిర్వాసితుల మీద పేపరు రాయబోతున్నది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందరం కడుపు నిండా డెవలప్ అవుతున్నాం.

పిల్ల ఇంగ్లండ్ పోయిన రెండు నెలలకు ఫోను చేసింది. “మామా, అవురుపల్లి యాడుంది?”

నేను మాడ్గుల మండలమని చెప్పి, అక్కడెవరన్నా చుట్టాలు కలిశారా అని అడిగాను. కాదట. వాళ్ల రీడింగ్ లిస్టులో ఉందట. ఇంగ్లిషు పుస్తకాల్లో ‘ఔరేపల్లె’ అని రాసి ఉన్న ఆ ఊరు ఉమ్మడి పాలమూరుదే. పటాన్‌చెరు పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో మెట్ట ప్రాంతాల్లో ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. మహారాష్ట్రవి నాలుగు, పాలమూరువి రెండు: అవురుపల్లి, దోకూరు. ఊరికి 40 ఇండ్లు. భూమి లేని కూలీలవి పది, చిన్న రైతులవి పది, మధ్యరకంవి పది, పెద్దోళ్లవి పది. ఊళ్లోనే ఒక మనిషిని కాపురం పెట్టించి, మూడు నాలుగు వారాలకొకసారి ప్రతి ఇంటికీ పోయి ఏం తిన్నారు, ఏం అమ్మారు, ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని కోళ్లున్నాయి అని ఏండ్ల తరబడి రాసుకున్నారు. మన ఇంట్లో వియ్యంకుడు అడిగినా చెప్పని లెక్కలన్నీ వాళ్లు విసుక్కోకుండా చెప్పారు. పాలమూరోళ్ల మర్యాద అట్లాంటిది.

ఆ లెక్కల మీద ప్రపంచంలో ఎంతమంది ప్రొఫెసర్లయ్యారో ఆ కోళ్లకు తెలియదు. మచ్చుకు రెండు మూడు చెబుతాను. రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1989లో ఒక గొప్ప సంగతి కనిపెట్టారు. మెట్ట రైతులు ఆడపిల్లను దూరపు ఊరికి ఎందుకిస్తారు? ఇక్కడ వాన పడకపోతే అక్కడన్నా పడుతుంది, వియ్యంకుడు నాలుగు బస్తాలు పంపుతాడు. పెండ్లి అంటే ఇన్సూరెన్సు. మా అమ్మమ్మ ఈ మాట వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లేరుకుంటూ చెప్పేది, కానీ ఆమె దగ్గర సమీకరణం లేదు. నాలుగేండ్లకు అదే రోజెన్‌జ్వైగ్ వోల్పిన్‌తో కలిసి ఇంకోటి రాశాడు: కరువొస్తే రైతు ఎద్దుల్ని అమ్ముకుని తింటాడు, మళ్లీ వాన పడే నాటికి దున్నడానికి ఎద్దులుండవు. ఇది తెలుసుకోవడానికి అమెరికాలో పెద్ద కంప్యూటర్లు వాడారు.

1994లో టౌన్‌సెండ్ అనే ఆయన మరో మాట తేల్చాడు. ఊళ్లో ఒకరికి కష్టమొస్తే ఆ భారం ఆ ఒక్క ఇంటి మీదే పడదు, ఊరంతా ఎట్లనో పంచుకుంటుంది. చదువుతుంటే కండ్లు చెమరుస్తాయి. లోపలికి పోతే ఒక ఊళ్లో భూమి లేనోళ్ల దగ్గర మాత్రం ఈ లెక్క అంత బాగా కుదరలేదని ఉంటుంది. కుదరదు. ఆ సంగతి తేల్చడానికి వాళ్ల వాడకు పోయి మంచినీళ్లు అడిగితే చాలు, ఎకనామెట్రిక్స్ అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది బిన్స్‌వాంగర్ అనే ఆయన పని. ఈ మెట్ట ఊళ్ల రైతులు రిస్కు తీసుకుంటారా లేదా అని ఆయనకు అనుమానమొచ్చింది. బొమ్మా బొరుసా వేయించి నిజం డబ్బులతో పందెం ఆడించాడు. అర్ధ రూపాయితో మొదలుపెట్టి యాభై దాకా. ఆటలో డబ్బు పెరిగేకొద్దీ రైతులు జంకారని రాశాడు. వాన పడుతుందో లేదో తెలియకుండా ఏటా ఆముదాలు, జొన్నలు చల్లేటోణ్ని పట్టుకుని ‘నీకు రిస్కంటే భయమా’ అని అడిగిన సైన్సు అది. ఆ రోజుల్లో యాభై రూపాయలంటే ఎన్నో రోజుల కూలి. వాళ్లు జంకకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ని.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మేం ఆ చెట్టు ఆకునే పౌండ్లు పెట్టి, విమానమెక్కించి తెప్పించుకుంటున్నాం.

నీళ్ల మీద కూడా ఒక క్లాసు జరిగిందట. లెక్చరర్ బోర్డు మీద ‘నల్గొండ టెక్నిక్’ అని రాస్తే పిల్ల లేచి, “మాది గదే జిల్లా” అన్నదట. ఆ రోజు క్లాసులో ఆమె హోదా సచిన్ టెండూల్కర్ స్థాయికి పోయింది. నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు తయారుచేసిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపితే ఫ్లోరైడు ఆ తెట్టెకు పట్టుకుని అడుక్కు దిగుతుంది, పైన తేరిన నీళ్లు తాగొచ్చు. బక్కెట్లతో ఇంట్లోనే చేసుకునేటట్టు డెన్మార్క్ వాళ్ల సాయంతో టాంజానియాకు తీసుకుపోయారు. ఇథియోపియా, కెన్యాలకూ చేరింది. ఆ మాట అక్కడ ఫిల్టరు పేరు, ఇక్కడ వంగిన నడుముల పేరు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు ఒక తరం పిల్లల కాళ్లు వంకరపోయిన తరువాత ఆ పేరు పుస్తకాలకెక్కింది. మా దిక్కు పెట్టిన ప్లాంట్లు మాత్రం చాలావరకు మూలబడ్డాయి. రోజూ పటిక కొలిచి వేసేదెవరు, అడుగు మడ్డి ఎత్తిపోసేదెవరు? అటు ఆఫ్రికా మా పేరుతో నీళ్లు తేర్చుకుంటుంటే ఇటు మేం కృష్ణమ్మ కోసం ఎదురుచూశాం. 2015 జూన్ 8న కేసీఆర్ మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించింది మా చౌటుప్పల్లోనే. నల్లాలో కృష్ణా నీళ్లొచ్చాయి, మంచిదే. నల్లా పక్కనే ఇరవై లీటర్ల ప్లాంటు క్యాను కూడా ఉంది. అడిగితే, అది వంటకు, ఇది తాగడానికి అంటారు, లేకపోతే ఇది వంటకు, అది తాగడానికి అంటారు. ఫ్లోరైడు పరిశోధన కేంద్రం కూడా ఒకటి ఊరికి వస్తుందన్నారు. 2022 మునుగోడు ఉపఎన్నికలో ప్రచారాంశంగా అది బాగానే పనిచేసింది.

ఇక రాబర్ట్ ఛాంబర్స్. ఈయన పేరు పిల్ల గుడిలో దేవుడి పేరు చెప్పినట్టు చెబుతుంది. 1983లో ఆయన రాసిన పుస్తకంలో ఒక గట్టి మాటుంది: పేదరికం చూడ్డానికి వచ్చే పెద్దమనుషులు తారు రోడ్డు పక్క ఊళ్లే చూస్తారు, అదీ వానాకాలం కాకుండా చూసి పోతారు. చదవగానే ఇది మా ఊరి చరిత్రే అనుకున్నాను. హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్లు, విజయవాడ హైవే, ఏసీ హోటలు, బాత్రూమ్ సౌకర్యం. పొద్దున బయల్దేరితే పేదరికం చూసి, కొయ్యలగూడెంలో మగ్గం ముందు ఫొటో దిగి, పోచంపల్లిలో చీర కొని, చీకటి పడకముందే బంజారాహిల్స్ చేరొచ్చు. పోచంపల్లిలోనే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు దళితులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నాడు. ఇప్పుడా దిక్కున వంద గజాలు ఉత్తగిస్తాననే మనిషి కనబడితే ముందు ఆయన తల ఆరోగ్యం గురించి అడుగుతారు.

బ్రిటన్ సర్కారు కూడా ఒకప్పుడు మా దగ్గరికొచ్చింది. వాళ్ల విదేశీ సాయం శాఖ డీఎఫ్ఐడీ సొమ్ముతో నల్లగొండ, పాలమూరుతో కలిపి ఐదు జిల్లాల్లో జీవనోపాధుల ప్రాజెక్టు నడిచింది. ఆడవాళ్లు ముగ్గుపిండితో ఊరి పటం వేస్తే సార్లు ఫొటోలు తీసుకున్నారు. 2015 కల్లా ఇండియాకు వాళ్ల గ్రాంట్ల సాయం ఆగింది. 2020లో ఆ శాఖనే విదేశాంగ శాఖలో కలిపేశారు. 2025 జూలైలో అమెరికా సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌కు తాళం పడింది. ప్రపంచాన్ని బాగుచేసే ఉద్యోగాలు ఒకటొకటిగా మూతపడుతుంటే మా పిల్ల అదే పట్టాకు మొదటి ఏడాది ఫీజు కట్టింది. డబ్బు పెరిగితే జంకుతారని రాసిన బిన్స్‌వాంగర్ మా బావను చూడలేదు.

సంక్రాంతికి ముందు పిల్లకు ఒక అసైన్‌మెంటు ఇచ్చారు. ఊళ్లో మూడు ఇండ్లను ఇంటర్వ్యూ చేయాలి. ఊళ్లోకి రాలేదు గనుక వీడియో కాల్. నాయిన మొదటి రెస్పాండెంటు, నేను మూడో రెస్పాండెంటు. నాయిన ధోవతి మార్చుకుని, పౌడరు రాసుకుని కూర్చున్నాడు.

“తాతా, 2002 కరువుల ఆదాయం పడిపోయినప్పుడు ఇల్లెట్ల గడిసింది?”

“ఎడ్లను అమ్మిన.”

“ఇంకా?”

“బోరెండిపాయె. అప్పు తెచ్చిన.”

“ఇంకా తాతా?”

నాయిన ఫోను వైపు కాకుండా నా వైపు చూశాడు. “ఇంకేముంది బిడ్డా. మీ అమ్మ ఇంటర్ సదువుతుండె. బందు పెట్టిచ్చి పెండ్లి చేసిన. కట్నం తక్కువల కుదిరిందని పక్కూరికే ఇచ్చిన.”

అవతల టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. ఆ ఏడాది నా పదో తరగతి పరీక్ష ఫీజు మాత్రం ఎవరూ ఆపలేదు. ఆ సంగతి నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడో రెస్పాండెంటు సమాధానాలు అసంపూర్ణంగా ఉన్నాయని రిపోర్టులో రాసుకుందట.

మంచి మార్కులొచ్చాయి. మూడేండ్ల తరువాత పట్టా చేతికొస్తుంది. ఉద్యోగం గురించి మా తమ్ముడు బెంగపెట్టుకోవద్దన్నాడు. విజిటింగ్ కార్డులు ఇప్పుడే కొట్టించాడు. పిల్ల పేరు, ఆ కింద ‘ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్, యూకే’, దాని కింద చిన్న అక్షరాల్లో ‘సైట్ విజిట్‌కు ఉచిత వాహన సౌకర్యం కలదు’.