పైకుండ శాస్త్రం

నాటుసారా బట్టీకి మూలం నిప్పేనన్నది పూర్వపక్షం. పొయ్యి, డ్రమ్ము, అందులో పులిసిన బెల్లం ఊట కంటికి కనబడతాయి కాబట్టి పామరులూ ఎక్సైజ్ వారూ ఈ పక్షానికే మొగ్గుతారు. మా సిద్ధాంతం వేరు. నిప్పు ఉత్త కూలివాడు, యజమాని పైకుండ.

పైకుండ అంటే బట్టీ నెత్తిన చన్నీళ్లతో కూర్చునే పాత్ర. కాగు కావచ్చు, సత్తు దబర కావచ్చు, శాస్త్రానికి జాతిభేదం లేదు. సారాయి మరగడానికి 78 డిగ్రీలు చాలు, నీళ్లకు 100 కావాలి. అందుకే ఊట ఆవిరిలో సారాయి పాలెక్కువ. ఆ ఆవిరి పైకుండ అడుగుకు తగిలి బొట్లు కడుతుంది. బొట్లు లోపలి పళ్లెంలో పడి గొట్టం వెంట బయటికొస్తాయి. ఆ పళ్లెమూ గొట్టమూ లేకపోతే అది ఇడ్లీ పాత్ర: మూత కింద పట్టిన బొట్లన్నీ తిరిగి ఇడ్లీల మీదే రాలతాయి. ఇంటింటా జరిగే ఈ విఫల స్వేదనం మీద ఇంతవరకు కేసు కట్టినవాడు లేడు.

ప్రమాణాలా? రసశాస్త్రంలో తిర్యక్పాతన యంత్రం ఉంది. పాదరసం కుండకు వాలుగా గొట్టం, దాని చివర మరో కుండ, అతుకులకు మట్టి పూత. ఆ రెండో కుండకు చన్నీళ్లు తప్పవు. డమరు యంత్రంలోనూ మూతులు కలిపిన రెండు కుండల్లో పైదాని మీద తడిగుడ్డ ఉండాల్సిందే. గాంధారంలో దొరికిన మట్టి పాత్రలు చూసి, స్వేదనానికి పుట్టిల్లు భారతదేశమేనా అని పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1979లో ప్రశ్నార్థకం పెట్టి వ్యాసం రాశారు. తవ్వకాల పండితులకు ఆ వినయం ఉంటుంది. మాకు లేదు.

లెక్క కూడా మా వైపే. గ్రాము నీటి ఆవిరి బొట్టయ్యేటప్పుడు దాదాపు 540 కేలరీల వేడి వదులుతుంది. అంటే చెంబెడు నీళ్లు కిందికి దిగేలోగా పైనున్న పదకొండు చెంబుల నీళ్లు 50 డిగ్రీలు వేడెక్కుతాయి. సారాయి ఆవిరి ఇందులో సగం కూడా వదలదు గానీ, పైనీళ్లు మార్చే పని మాత్రం తప్పదు. మార్చకపోతే ఆవిరి అతుకుల్లోంచి పారిపోతుంది. అది చూసి తెలివితక్కువవాడు ఇంకో కట్టె ఎగదోస్తాడు.

1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. దాని వెనక నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల కోపం ఉంది, దాని మీద మాకు వ్యాఖ్యానం లేదు. నిషేధం తరవాత బట్టీ కొండ చేరింది. చిత్తూరు వైపు బెల్లానికి కొదవ లేదు, కట్టెలకూ లేదు, కొదవంతా నీళ్లకే. బట్టీ వంక పక్కన వెలవడానికి ఇదే మొదటి కారణం. దాక్కోవడం రెండోది.

కొండ మీద పొగ ఉంది, కనుక నిప్పు ఉంది అన్నది తర్కశాస్త్రంలో మొదటి పాఠం. ఎక్సైజ్ వారు అక్కడితో చదువు ఆపేశారు. పొగ బొగ్గులు కాల్చేవాడి దగ్గరా లేస్తుంది. మే నెలలో వంకలెండాక కూడా ఎవరైనా కొండవారన బిందెలతో చన్నీళ్లు మోస్తూ, వేన్నీళ్లు పారబోస్తుంటే, అనుమానం అక్కడ పెట్టాలి. స్నానానికి కాచినవాడెవడూ వేన్నీళ్లు పారబోయడు.