మనుషులు దిగని పురిటిల్లు

కవలలు పుట్టారని తెలిస్తే మా రోజుల్లో మర్నాటికల్లా ఆ ఇంటికి మనుషులు దిగేవాళ్లు. ఇప్పుడు మెసేజులు దిగుతున్నాయి. ఆ వెనకే అట్టపెట్టెలు దిగుతున్నాయి. జంట బండి, పాలసీసాలు ఉడికించే యంత్రం, మీట నొక్కితే తనంతట తానే ఊగే ఉయ్యాల. మనిషి మాత్రం దిగడు. హైదరాబాదులో మా మనవరాలి ఇంట్లో కొన్నాళ్లుండి ఇదంతా కళ్లారా చూసి వచ్చాను. అప్పట్నుంచీ కడుపు ఉడికిపోతోంది. ఎవరో ఒకరు అనాలి గనక నేనే అంటున్నాను.

మా చెల్లెలికి 1974లో, తణుకు దగ్గర మా పుట్టింట్లో, కవల మగపిల్లలు పుట్టారు. పొట్ట మరీ పెద్దదిగా ఉందని మంత్రసాని ముందునుంచీ అనుమానపడుతూనే ఉంది గానీ, రెండోవాడు బయటపడేదాకా ఇద్దరని రూఢిగా ఎవరికీ తెలీదు. స్కానింగు అన్న మాట మా ఊరివైపు అప్పటికి ఎవరూ విననేలేదు. నెలలు నిండకుండానే పుట్టారు. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారని ఇప్పుడు డాక్టర్లు చెబితే తెలుస్తోంది. అప్పుడు మాకు తెలిసిందల్లా పిల్లలు గుప్పెడేసి ఉన్నారని, గట్టిగా ఏడవడానికి కూడా వాళ్లకు ఓపిక లేదని. 1963లో వచ్చిన లవకుశ సినిమాకు ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వెళ్లిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది గనక, పేర్ల దగ్గర మాత్రం ఎవరూ తడుముకోలేదు.

అసలు పని ఆ రాత్రి మొదలైంది. మా నాయనమ్మ పురిటిగది గుమ్మంలో కూర్చుని వంతులు పంచింది. తొలిజాము పెద్దమ్మది. నడిరాత్రి అమ్మది. తెల్లవారుజాము నాది. చెల్లెలికి అప్పజెప్పింది రెండే పనులు, పాలివ్వడం, నిద్రపోవడం. "అది మంచం దిగిందంటే మీ అందరి కాళ్లూ విరగ్గొడతాను" అంది. ఒక బిడ్డ తల్లి పక్కలో ఉంటే రెండో బిడ్డ ఎవరో ఒకరి గుండెల మీద ఉండేవాడు. కిరసనాయిలు దీపం వెలుగులో ఇద్దరూ ఒక్కలాగే కనిపించేవాళ్లు. తాగినవాడికే మళ్లీ తాగించేస్తారని పెద్దవాడి కుడికాలికి నల్లదారం కట్టింది నాయనమ్మ. ఎవడు ఎప్పుడు తాగాడో తలుపు పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాళ్లం, అటువైపు లవుడికి, ఇటువైపు కుశుడికి. చిన్నవాడు రొమ్ము పట్టలేకపోయేవాడు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోసేది అమ్మ. గిన్నెడు పాలు దిగడానికి అరగంట పట్టేది. అది అయ్యేసరికి పెద్దవాడు లేచేవాడు.

లెక్క వేసుకోండి. పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఇద్దరంటే 16 నుంచి 24 సార్లు. తాగించాక భుజాన వేసుకుని తేపించాలి, తడిగుడ్డ మార్చాలి, జోకొట్టాలి. ఒకరు నిద్రలోకి జారేసరికి రెండోవారు మొదలు. నెల తక్కువ పిల్లలైతే ఆకలేసినా లేవరు, మనమే లేపి తాగించాలి. తల్లి ఎంత ఓర్పుగలదైనా రోజుకు ఉన్నవి 24 గంటలే. ఈ సంగతి మా నాయనమ్మకు ఏ పుస్తకమూ చెప్పలేదు, చూసి తెలుసుకుంది.

ఆ రోజులన్నీ బంగారమని నేననను. మా ఇంట్లో ఇద్దరూ దక్కారు. చాలా ఇళ్లలో దక్కలేదు. కవలలు పుడితే "ఒక్కరైనా నిలిస్తే చాలు తల్లీ" అని దణ్ణం పెట్టుకునే కాలం అది. దూదిలో చుట్టి, తలుపులు బిగించి, గదిలో కుంపటి పెట్టేవాళ్లం. ఆ పొగ పసివాళ్ల ఊపిరికి ఎంత చెరుపో ఇప్పుడు తెలుస్తోంది. ముక్కుల్లో ఆముదం చుక్కలు వేయడం, కళ్లకు కాటుక దిద్దడం, నాలిక్కి తేనె రాయడం అన్నీ చేశారు. అవన్నీ మానేయమని డాక్టర్లు చెబుతుంటే, మానేయండి అని నేనూ అంటాను. ఇద్దరికి పాలివ్వాల్సిన మనిషికి పథ్యమని చెప్పి మంచినీళ్లు కూడా కొలిచి పోయడం ఒట్టి దుర్మార్గం. దాన్ని మళ్లీ తేవాలని చూసే పెద్దవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి.

మా మనవరాలికి కూడా కవలలు నెల తక్కువగానే పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలు. పుట్టినప్పుడు ఇద్దరిలో ఎవరూ రెండు కిలోలు లేరు. అద్దాల పెట్టెలో పెట్టారు. అక్కడ నర్సులు చేసిన పని చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. చిన్నదానికి పాలు పడుతున్నది దేనితో అనుకున్నారు? స్టీలు ఉగ్గుగిన్నెతో. వాళ్లు దాన్ని పాలాడై అంటున్నారు. సీసా కన్నా అదే శుభ్రమని, నెలతక్కువ పిల్లలకు అదే మేలని చెప్పారు. తర్వాత పిల్లను తల్లి చొక్కా లోపల, రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం ఆనేలా కట్టారు. కంగారూ పద్ధతి అట. 1970ల చివర్లో కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో, పెట్టెలు చాలక డాక్టర్లు మొదలుపెట్టారట. తల్లి ఒంటి వేడికి పిల్ల నిలబడుతుందని, ఊపిరి కుదుటపడుతుందని, బరువు పెరుగుతుందని ప్రపంచమంతా ఒప్పుకుంది. తండ్రి అయినా, అమ్మమ్మ అయినా అలా కట్టుకోవచ్చని నర్సు చెబితే మా మనవడు, అదే పిల్లల తండ్రి, చొక్కా విప్పి కూర్చున్నాడు. పెద్దది వాడి గుండెల మీద హాయిగా నిద్రపోయింది. మా రోజుల్లో పురిటిగది గడప తొక్కిన మగవాణ్ణి నేను చూడలేదు. ఈ ఒక్క విషయంలో ఈ కాలానికి నూటికి నూరు మార్కులు వేస్తాను.

నా గొడవంతా ఆసుపత్రి గుమ్మం దాటాక.

ఇంటికొచ్చారు. కూకట్‌పల్లిలో తొమ్మిదో అంతస్తు. మా అమ్మాయికి సెలవు అయిపోయి ఉద్యోగానికి వెళ్లిపోయింది. వియ్యపురాలికి మోకాళ్ల నొప్పులు. ఆ పిల్లా, వాడూ, ఇద్దరు పసివాళ్లూ. ఆయాను మాట్లాడారు గానీ ఆవిడ సాయంత్రం ఏడింటికి వెళ్లిపోతుంది, పిల్లలు అప్పుడే మొదలుపెడతారు. ఫోన్లో ఏదో యాప్ ఉంది. ఎవరు ఎన్ని గంటలకు తాగారో, ఎన్నిసార్లు తడిపారో అందులో రాసుకుంటుంది. మంచిదే, మా బొగ్గు గీతలు ఇప్పుడు ఫోన్లోకి వచ్చాయి. కానీ గీత గీసిన చెయ్యే బిడ్డను కూడా ఎత్తుకునేది. యాప్ రాత్రి రెండింటికి గంట కొట్టి లేపుతుంది, తర్వాత దాని పని అయిపోయింది. నేను వెళ్లేసరికి మనవరాలు వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడి అన్నం తింటోంది. "కూర్చుంటే నిద్రపోతానమ్మమ్మా" అంది.

అడవిపాలైన సీతమ్మకు కూడా కవలల్ని పెంచుకోవడానికి వాల్మీకి ఆశ్రమంలో ఒక నీడ దొరికింది, తోడు దొరికింది. మాద్రి పోతే నకుల సహదేవుల్ని కుంతి గుండెకు హత్తుకుంది. మన పురాణాల్లో ఒంటరిగా కవలల్ని పెంచిన తల్లి నాకైతే గుర్తు రావడం లేదు. ఒంటరిగా పెంచమని ఈ పిల్లలకు మనం ఎందుకు చెబుతున్నాం?

ఇంకో సంగతి చూడండి. అమెరికాలో పిల్లలకు పురుడొస్తే ఏర్పాట్లు ఎంత పకడ్బందీగా చేస్తారో! విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లను మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు గనక, మొదటి ఆరు నెలలు అమ్మ, తర్వాత ఆరు నెలలు అత్తగారు అని వంతులేసుకుని, పచ్చళ్లు, కారప్పొళ్లు కట్టుకుని విమానం ఎక్కుతారు. అదే కూకట్‌పల్లిలో కవలలు పుడితే, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగే దూరానికి ఎవరికీ కుదరదు. "హైదరాబాదులోనే ఉన్నారుగా, అన్నీ దొరుకుతాయి" అంటారు. అన్నీ దొరుకుతాయి, నిజమే. అర్ధరాత్రి బిడ్డను చేతిలోంచి అందుకునే మనిషి ఏ కొట్లో దొరుకుతాడు?

వచ్చేవాళ్లూ ఉన్నారు, రాలేదని కాదు. ఒకే రంగు గౌన్లు రెండు తెస్తారు. పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని ఫోటో దిగుతారు. బాలింత లేచి కాఫీ పెట్టాలి. కాఫీ తాగుతూ అడుగుతారు, "నేచురలేనా? ట్రీట్‌మెంటా?" అని. ఒకరు కాదు, వచ్చిన వాళ్లలో సగంమంది అడిగారు. మా రోజుల్లో మహా అయితే "జంట అరటిపండు తిన్నావా ఏమిటే?" అని నవ్వేవాళ్లు. తూర్పు గోదావరిలో రంగంపేట మండలం దొడ్డిగుంటలో కవలలు ఎక్కువని, అక్కడి బావినీళ్లు తాగితే కవలలు పుడతారని నమ్మి జనం పొరుగూళ్ల నుంచి వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు. అలాంటి జనం ఇవాళ కన్నతల్లి ముఖం మీదే లెక్క అడుగుతున్నారు. ఎలా పుడితే మీకెందుకు? మందులతో పుట్టిన బిడ్డకు ఆకలి తక్కువా? తర్వాతి మాట ఇంకా ఘోరం. "ఇద్దరూ ఆడపిల్లలేనా?" ఈ మాట మాత్రం మా రోజుల్లోదే. చచ్చిపోవాల్సినవి చావకుండా, ఉండాల్సిన వంతులు మాత్రం పోయాయి.

ఆ పైన ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తూకం వేస్తారు. ఇది బొద్దుగా ఉంది, అది పీలగా ఉంది. ఇది తెల్లగా ఉంది, అది చామనఛాయ. పాలు సరిపోతున్నాయా, డబ్బా పట్టరాదూ? పాలడబ్బాల ప్రకటనలను దేశం 1992లో చట్టం చేసి ఆపింది, చుట్టాల నోళ్లను ఆపే చట్టం లేదు. ఇద్దరు తాగితే ఇద్దరికి సరిపడా పాలు పడతాయి, చాలామంది తల్లులకు అది సాధ్యమే. కావలసింది తిండి, నీళ్లు, నిద్ర, పక్కన ధైర్యం చెప్పే మనిషి. అయినా చాలకపోతే డాక్టరు చెప్పినట్టు డబ్బాపాలు కలిపి పట్టొచ్చు, అందులో తలవంచుకోవాల్సింది ఏమీ లేదు.

నేను మెచ్చుకున్న ఆ పాత చేతుల గురించి ఒక నిజం చెప్పకుండా దాటిపోలేను. మా ఇంట్లో రోజూ గంపెడు పొత్తిగుడ్డలు ఉతికింది చాకలి ఇంటి కోడలు. ఆమె చంటిది ఇంటి దగ్గర ఏడుస్తూ ఉండేది. ఏడాదికోసారి కళ్లంలో కొలిచే ధాన్యం ఆ పనికి ఏ మూలకూ సరిపోదు. ఉయ్యాల ఊపింది మా పిన్ని కూతురు. ఆ ఏడు బడి మానిపించారు దాన్ని, మళ్లీ వెళ్లలేదు. చదువుకోవాల్సిన చేతుల్ని, కూలి ఇవ్వాల్సిన చేతుల్ని ఊరికే వాడుకున్నాం. ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగాలకు వెళ్లారు, అలాగే వెళ్లాలి. అయితే ఆ ఖాళీలోకి రావాల్సిన చేతులు ఎవరివి? ఇన్నాళ్లూ వీధి అరుగు మీద కూర్చున్న మగవాళ్లవి. ఉద్యోగం విరమించి టీవీ ముందు కూర్చున్న తాతయ్యలవి. మా ఆయన్ను వెంటబెట్టుకునే వెళ్లాను. డైపరు మార్చడం రెండు రోజుల్లో నేర్చుకున్నారు.

సర్కారు సంగతీ అంతే. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. గొప్ప మేలు. కానీ ఒక బిడ్డకూ 26 వారాలే, ఇద్దరు పుట్టినా 26 వారాలే. నెలల తరబడి అద్దాల పెట్టెలో ఉన్న రోజులు కూడా అందులోంచే పోతాయి. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు. ప్రైవేటు కంపెనీలో అయితే సెలవు ఇచ్చి తీరాలని చట్టమే లేదు, యజమాని దయ. మా మనవడికి దొరికిన సెలవు పిల్లలు ఆసుపత్రిలో ఉండగానే అయిపోయింది. కవలలకు సెలవు ఎక్కువ ఉండాలని, తండ్రికి కూడా హక్కుగా ఇవ్వాలని అడగడానికి మనకు నోరెందుకు రాదు?

ఒక రాత్రి మనవరాలు ఊరికే ఏడ్చింది. పిల్లలు ఇద్దరూ నిద్రపోతున్నారు, ఆమె మాత్రం ఏడుస్తోంది. మా రోజుల్లో అయితే గాలి సోకిందని దిష్టి తీసి, తగ్గకపోతే భూతవైద్యుణ్ణి పిలిచేవాళ్లు. కవలల తల్లులకు ఈ దిగులు మరీ ఎక్కువగా వస్తుందట. దానికి డాక్టరున్నాడు, మందుంది. ఫోనులో మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఉంది, 14416కు చేస్తే తెలుగులోనే పలుకుతారు. మేం మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ రాసిన చీటీలో మొదటి లైను, వరసగా నాలుగైదు గంటల నిద్ర. మా నాయనమ్మ గుమ్మంలో కూర్చుని చెప్పింది అదే.

కాబట్టి మీ చుట్టాల్లోనో, మీ అపార్టుమెంటులోనో కవలలు పుట్టారని తెలిస్తే గౌన్లు కొనకండి. క్యారియరులో అన్నం, పప్పు పట్టుకుని వెళ్లండి, వెళ్లాక గిన్నెలు కడిగి రండి. జలుబూ దగ్గూ ఉంటే గుమ్మం తొక్కకండి. చేతులు కడుక్కుని ఒక బిడ్డను ఎత్తుకుని, తల్లిని వెళ్లి పడుకోమని చెప్పండి. దగ్గరి చుట్టమైతే ఒక రాత్రి జాము మీ పేరున రాసుకోండి, మగవాళ్లయినా సరే. ఏ జాముకు వస్తారో ముందే చెప్పి, ఆ వేళకు తలుపు తట్టండి.