నన్నూ బోనెక్కించండి

నేను లేజర్ స్పీడ్ గన్ని. హైవే పక్కన వేపచెట్టు నీడలో, మూడు కాళ్ళ స్టాండ్ మీద నా డ్యూటీ. కానిస్టేబుల్ బటన్ నొక్కగానే కంటికి కనపడని లేజర్ కిరణాన్ని తునకలు తునకలుగా బండి మీదికి వదులుతాను. అవి తగిలి తిరిగొచ్చేందుకు పట్టిన సమయాన్ని బట్టి దూరం, ఆ దూరం ఎంత త్వరగా తరుగుతోందో చూసి వేగం లెక్కగడతాను. ఇదంతా సెకనులో మూడో వంతులో అయిపోతుంది. ఆ అంకె ఫొటో మీద పడుతుంది, ఫొటో చలానాకు ఎక్కుతుంది, చలానా మెసేజ్‌గా బండి యజమాని ఫోన్‌కి చేరుతుంది.

ఆ తర్వాత జరిగేదే నాకు బాధ. పోలీసులతో మనకెందుకని కొందరు అప్పటికప్పుడు కట్టేస్తారు. రాయితీ ఎప్పుడిస్తారా, లోక్ అదాలత్ ఎప్పుడు పెడతారా అని కొందరు ఎదురుచూస్తారు. ఈ అంకె నిజమేనా అని నిలదీసేవాళ్ళు బహు తక్కువ. లోక్ అదాలత్ రాజీ కుదిర్చే చోటు, దాని అవార్డు మీద అప్పీలు కూడా ఉండదు. తప్పు జరిగిందా లేదా అన్నది తేలాలంటే మేజిస్ట్రేటు ముందు నిలబడి ‘ఒప్పుకోను’ అనాలి.

1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్‌లో నా గురించే రాసినట్టుండే మాట ఒకటుంది. బండి మితిమీరిన వేగంతో వెళ్ళిందని తనకు అనిపించినట్టు ఒకే ఒక్క సాక్షి చెబితే, అంతమాత్రాన శిక్ష వేయకూడదు. ఆ అంచనాకు ఏదో ఒక యంత్రం ఆధారం ఉండాలి. ఆ యంత్రాన్ని నేను. నా మాటకు అంత బరువు ఇచ్చినప్పుడు ఆ మాటను గీటురాయి మీద పెట్టి చూడాలి కదా!

నాకూ లోపాలున్నాయి. మూడొందల మీటర్ల దూరానికి నా కిరణం దాదాపు మీటరు వెడల్పు అవుతుంది. పక్కపక్కనే రెండు బండ్లుంటే ఎవరి వేగం ఎవరిదో తేడా రావచ్చు. కొలిచేటప్పుడు చెయ్యి కదిలి, కిరణం కారు అద్దం మీంచి ముందు బంపర్ దాకా మీటరు జారితే, లేని వేగం గంటకు పది కిలోమీటర్ల పైనే కలుస్తుంది. అలాంటి కొలతల్ని పసిగట్టి కొట్టేసే ఏర్పాటు మాలో ఉంటుంది గానీ అన్నీ దానికి దొరకవు. బండిని మరీ పక్కనుంచి కొలిస్తే మాత్రం అసలు వేగం కన్నా తక్కువే చూపిస్తాను. అది డ్రైవరుకే లాభం.

ఒక మినీ ట్రక్కు ఆయన ఒప్పుకోనన్నాడు. ఉల్లిగడ్డల లోడుతో వెళుతుంటే 97 అని చలానా. పరిమితి 80. కోర్టులో పిలుపు రాగానే తుండు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

“తప్పు ఒప్పుకుంటావా?” అన్నారు మేజిస్ట్రేటు.

“లేదయ్యా. ఆ స్పీడు నా బండిది కాదు.”

వాయిదా పడింది. ఆ రోజు నన్నూ తెచ్చి బల్ల మీద పెట్టారు. నా సర్టిఫికెట్ చూశారు, గడువులోనే ఉంది. తర్వాత ఫొటో. ట్రక్కును కుడివైపు నుంచి తెల్ల కారొకటి దాటుతోంది. గురి చూపే ప్లస్ గుర్తు ట్రక్కు హెడ్‌లైటుకీ కారు డోరుకీ నడుమ ఖాళీలో ఉంది.

“ఈ గుర్తు ఎవరి మీదుంది సార్?” అని కానిస్టేబుల్‌ని అడిగాడాయన.

కానిస్టేబుల్ ఫొటో దగ్గరికి తీసుకుని చూశాడు. “మధ్యలో ఉంది,” అన్నాడు. ఆ నిజాయితీకి నేనెంత పొంగిపోయానో! కేసు కొట్టేశారు.

కానీ ఆ గెలుపు కోసం ఆయన వాయిదా వాయిదాకీ కిరాయి వదులుకున్నాడు. చలానా కంటే పోరాటానికే ఎక్కువ ఖర్చయితే మామూలు మనిషి కట్టేయక ఏం చేస్తాడు? ఇలాంటి కేసుల్ని సాయంత్రం పూట, వీడియోలో వింటే ఎంత మేలు!

చలానాను నిలదీసి అడగడానికి ఆధారాలు రూల్సులోనే ఉన్నాయి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఎ చూడండి. నాలాంటి పరికరానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా కొత్తది చేయించాలి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. నోటీసు 15 రోజుల్లో పంపాలి. తేదీ, సమయం, చోటు, కొలత, నంబర్ ప్లేటు రికార్డులో కనపడాలి. చలానా సంగతి తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలి. వీటిలో ఏది లేకపోయినా కోర్టులో అడిగే హక్కు మీది.

వేగాన్ని వెనకేసుకొచ్చేందుకు ఇదంతా చెప్పడం లేదు. గంటకు వంద కిలోమీటర్ల మీద బండి సెకనుకు 28 మీటర్లు దూసుకుపోతుంది. రోడ్డు దాటే ముసలామె సగం దూరం రాకముందే మీదికొచ్చేస్తుంది. అలాంటివాణ్ణి పట్టిస్తే నాకు గర్వమే.

ఆ మధ్య ఓ కారు యజమాని అవే ప్రశ్నలు రాసుకుని కోర్టుకొచ్చాడు. సర్టిఫికెట్ చూపించారు, సరిగ్గా ఉంది. నోటీసు గడువులోనే వెళ్ళింది. ఫొటోలో ఆయన కారు ఒక్కటే ఉంది, ప్లస్ గుర్తు నంబర్ ప్లేటు మీదే ఉంది, వేగం 128. అన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఫైన్ కట్టి రశీదు తీసుకుని వెళ్ళాడు.