ఒక ల్యాప్‌టాప్, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: ఉద్దానం గృహస్థులకు సమగ్ర మార్గదర్శి

ప్రాసెసర్, మెమరీ, డిస్కు, కీబోర్డులపై పెత్తనం చేస్తూ, వాటిని వాడుకునే వీలు మిగిలిన ప్రోగ్రాములకు కల్పించే మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. యంత్రానికి ఇలాంటిది ఒకటి చాలు. అయితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే తండ్రికి ట్యాలీ లెక్కల కోసం విండోస్, టెక్కలిలో ఇంజనీరింగు చదివే కొడుకుకు ల్యాబు పని కోసం ఉబుంటు లినక్స్ అవసరమై, ఇంట్లో ల్యాప్‌టాప్ మాత్రం ఒక్కటే ఉన్నప్పుడు, రెండింటినీ పక్కపక్కనే ప్రతిష్ఠించక తప్పదు. రెండు పట్టిన చోట మూడోది పట్టకపోదు గనుక, ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌నో, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన లినక్స్‌నో కూడా చేర్చుకోవడం గృహస్థధర్మం. ఈ కార్యాన్ని శాస్త్రోక్తంగా జరిపించదలచినవారు కింది అంచెలను వరుస తప్పకుండా పాటించాలి.

మొదటి అంచె: ముహూర్త నిర్ణయం

డిస్కులో హద్దులు గీసి విడదీసిన భాగాన్ని పార్టిషన్ అంటారు. విండోస్ ఆక్రమించిన పార్టిషన్‌ను కుదించేటప్పుడు కొత్త హద్దుకు అవతల పడే సమాచారాన్నంతా ఇవతలికి తరలించవలసి ఉంటుంది గనుక, ఆ పని నడుస్తుండగా యంత్రం ఆగిపోతే ఫైళ్లు అటూ ఇటూ కాకుండా పోతాయి. కాబట్టి ఇందుకు అక్టోబరు నెల శ్రేష్ఠం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. వాటిలో తిత్లీ తెల్లవారుజామున పలాస సమీపంలోనే తీరాన్ని తాకి, కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలనూ పడగొట్టడంతో ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. వజ్రపుకొత్తూరు వైపు ఆకాశం నల్లబడి, బ్యాటరీ పది శాతానికి దిగిన సాయంత్రాన్ని మించిన ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు. ఫైళ్ల నకలును వేరే డిస్కులో దాచుకునే బ్యాకప్ అనే ఆచారం పిరికివారిది. జీడిపిక్కల బాకీలు ఎలాగూ రైతులకు పైసలతో సహా గుర్తుంటాయి.

రెండో అంచె: వరుస

విండోస్ ముందు, లినక్స్ తరువాత అనే క్రమం లోకప్రసిద్ధం కాబట్టి దాన్ని తిరగేయాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎంచుకున్న సిస్టమ్‌ను మేల్కొలిపే చిన్న ప్రోగ్రామును బూట్‌లోడర్ అంటారు. లినక్స్ వెంట వచ్చే గ్రబ్ అనే బూట్‌లోడర్ తన జాబితాలో విండోస్‌కూ చోటివ్వగలదు గాని, విండోస్ బూట్‌లోడర్ తనంతట తాను లినక్స్‌ను పట్టించుకోదు. పాత ఎంబీఆర్ పద్ధతిలో బూట్ కోడూ, నాలుగు పార్టిషన్ల పట్టికా డిస్కు మొదటి 512 బైట్లలోనే ఇమిడి ఉండేవి గనుక, వెనుక వచ్చిన విండోస్ ఆ కోడును చెరిపి తనది రాసుకునేది. యూఈఎఫ్‌ఐ అనే నేటి పద్ధతిలో ఒక్కో సిస్టమ్ బూట్ ఫైళ్లు ఒక్కో ఫోల్డరులో ఉంటాయి. విండోస్ వరుసలో ముందుకు వచ్చి నిలుచుంటుందే తప్ప లినక్స్‌ను సాధారణంగా తుడిచిపెట్టదు, కాబట్టి ఎఫ్2 వంటి మీట నొక్కి తెరిచే సెట్టింగుల్లో వరుస మారిస్తే సరిపోతుంది. ఇంత చిన్న చిట్కాతో పని ముగించడం పరువు తక్కువ గనుక, లినక్స్ మాయమైందని తీర్మానించి మొత్తం డిస్కును ఫార్మాట్ చేయడమే సంప్రదాయం.

మూడో అంచె: తాళంచెవి

బిట్‌లాకర్ అనేది డిస్కులోని సమాచారాన్ని పరులు చదవలేని రూపంలోకి మార్చి ఉంచే విండోస్ ఏర్పాటు. బూట్ సెట్టింగులను కదిలిస్తే దానికి అనుమానం వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టడం చాదస్తం. అదే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద ఒక ఫైలులో భద్రపరిస్తే, తాళం తీశాక ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు.

నాలుగో అంచె: కాలనిర్ణయం

లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక కాలాన్ని రాస్తుంది. విండోస్ దాన్నే స్థానిక కాలమనుకుని చదువుతుంది. భారత కాలం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది గనుక, కొడుకు రాత్రి లినక్స్‌లో పని చేసి మూసిన ల్యాప్‌టాప్‌ను తండ్రి ఉదయం 9 గంటలకు విండోస్‌లో తెరిస్తే, నెట్ అంది సవరణ జరిగేదాకా అందులో వేకువ 3.30 అవుతూ ఉంటుంది. లినక్స్‌ను స్థానిక కాలం రాయమన్నా, విండోస్‌ను ప్రామాణిక కాలం చదవమన్నా ఈ చిక్కు తీరుతుంది. తండ్రీకొడుకులు ఒకరికి తెలియకుండా ఒకరు చెరొక సవరణా చేయడం మేలు. అప్పుడు అదే 9 గంటలకు విండోస్ మధ్యాహ్నం 2.30 చూపుతుంది, మొదలవకుండానే సగం పనిదినం గడిచిపోతుంది.

పాటించకూడని పద్ధతి

విండోస్‌ను కదపకుండా, వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాములో లినక్స్‌ను ఒక కిటికీలో నడిపే మార్గం ఒకటుంది. మెమరీ చాలినంత ఉంటే ల్యాబు పనికి అది సరిపోతుంది, డిస్కు హద్దుల జోలికే పోనక్కరలేదు. ఇంత తేలికైన పని గురించి కాశీబుగ్గ బస్టాండులో ఎవరికీ చెప్పుకోలేరు గనుక ఈ మార్గదర్శి దాన్ని సిఫారసు చేయదు. పైగా ఆ దారిన పోతే, పార్టిషన్ల కింద కప్పబడిపోయిన అసలు తగవు వెంటనే బయటపడుతుంది: డిస్కును మూడు ముక్కలు చేసినా ఒకసారికి మేల్కొనేది ఒకే సిస్టమ్, దాని ముందు కూర్చోగలిగేది ఒకే మనిషి. సాయంత్రం ఆరు తరువాత ల్యాప్‌టాప్ ఎవరిదో ముందే తేల్చుకున్న ఇంట్లో ఈ మార్గదర్శితో పని పడదు. తేల్చుకోని ఇంట్లో నాలుగో సిస్టమ్‌కు కూడా చోటు చూసుకోవచ్చు.